టీమ్ లీడ్, బావమరిది ఇద్దరూ డీ అండ్ డీ ఆడతారని తెలిసింది, ఇప్పుడేం చేయాలి?

ముందు మీ సంగతి నాకు అర్థమైనంతవరకు చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి. మీరు ఆరేళ్లుగా ఆన్‌లైన్‌లో డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఆడుతున్నారు, తలా ఓ పాత్ర తీసుకుని పాచికలు వేస్తూ కలిసి కథ నడిపే ఆట. ఇంట్లో ఎవరికీ తెలీదు. నెల తేడాలో రెండు సంగతులు బయటపడ్డాయి. ఆఫీసులో మీ టీమ్ లీడ్ గారు స్క్రీన్ షేర్ చేస్తే ఓ మూల రోల్‌ట్వంటీ ట్యాబ్, ఆ ఆట ఆన్‌లైన్‌లో ఆడుకునే సైటు, కనిపించింది. తర్వాత ఓ పెళ్లిలో బంతి భోజనాల దగ్గర మీ బావమరిది "మేం బెంగళూరులో శనివారాలు డీ అండ్ డీ ఆడుకుంటాం బావా" అన్నాడు. మీరు పప్పు కలుపుకుంటూ ఊరుకున్నారు. ఇప్పుడు వీళ్లతో మాట ఎలా కలపాలి, ఇద్దర్నీ పెట్టుకుని విశాఖలో ఓ టేబుల్, అంటే కలిసి ఆడే జట్టు, మొదలెట్టొచ్చా అని అడుగుతున్నారు.

మాట కలపండి. టేబుల్ కూడా పెట్టండి, కానీ ఇప్పుడే కాదు. ఇద్దర్నీ ఒకే టేబుల్ దగ్గర మాత్రం కూర్చోబెట్టకండి.

నేను 2008లో అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు పక్క గది కుర్రాడు పిలిస్తే వెళ్లి కూర్చున్నాను. అప్పుడే ఆ ఆట రూల్స్ నాలుగో ఎడిషన్ వచ్చింది. హైదరాబాద్ తిరిగొచ్చాక ఎక్కువగా డీఎంగానే (డన్‌జన్ మాస్టర్, అంటే కథ నడిపే మనిషి) ఉంటున్నాను. ఈ పదిహేడేళ్లలో "అరె, మీరూనా!" అనుకున్న సందర్భాలు ఓ పదైనా ఉంటాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ నడుస్తున్న టేబుళ్లయ్యాయి. ఒకటి మాత్రం ఉన్న స్నేహాన్ని కూడా తినేసింది. అది తర్వాత చెప్తాను.

ముందు మా ఆడిటర్ గారి కథ. యాభై దాటిన మనిషి, నుదుట బొట్టు, ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా. కూకట్‌పల్లిలో బట్టల షాపు మీద రెండు గదుల ఆఫీసు. నా రిటర్న్స్ చాలా ఏళ్లుగా ఆయనే వేస్తారు. ఓసారి ఫారం 16 ఇవ్వడానికి వెళ్లి, బండి తాళం టేబుల్ మీద పెట్టాను. ఆ గుత్తికి ఇరవై ముఖాల పాచిక ఒకటి వేలాడుతుంటుంది. ఆయన క్యాలిక్యులేటర్ ఆపి, దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఇరవై పక్కన పందొమ్మిది లేదు. అయితే మీరు కార్డుల బాపతు కాదన్నమాట" అన్నారు.

తెలియనివాళ్ల కోసం: మామూలు డీ-ట్వంటీలో, అంటే ఈ ఇరవై ముఖాల పాచికలో, ఎదురెదురు ముఖాలు కలిపితే 21 వస్తుంది. 20కి వెనక 1 ఉంటుంది, చుట్టూ 2, 8, 14 ఉంటాయి. అంకెలు కావాలనే చెల్లాచెదురుగా పెడతారు. మ్యాజిక్ ద గ్యాదరింగ్ కార్డులాటలో ఆటగాడి ప్రాణాల లెక్క 20 నుంచి ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ పోవాలి కాబట్టి వాళ్ల పాచికలో 20 పక్కనే 19, దాని పక్కనే 18. ఈ తేడా కంటితో పట్టేసిన మనిషి పాచికలు చేతిలో నలిపిన మనిషే. ఆ రోజు నా ట్యాక్స్ లెక్క మధ్యాహ్నానికి గానీ తేలలేదు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఆయన తనంతట తాను బయటపడ్డారు. నేను తాళం మాత్రం పెట్టాను. మీరు చెప్పిన ఇద్దరి విషయంలో అసలు తేడా అక్కడే ఉంది. మీ బావమరిది నోరు తెరిచి చెప్పాడు. మీ టీమ్ లీడ్ గారు చెప్పలేదు, మీ కంట పడింది. కంట పడినదాన్ని చెప్పినట్టు తీసుకోకూడదు. "మేడమ్, ఆ రోజు మీ స్క్రీన్ మీద రోల్‌ట్వంటీ చూశానండీ" అని మొదలెడితే ఆవిడకి ముందు గుర్తొచ్చేది ఆట కాదు, ఆ మీటింగులో ఇంకెవరెవరు చూశారో అన్న బెంగ. పని వేళలో ఆటలేంటని మీరు పట్టుకున్నట్టు కూడా ఉంటుంది. అందుకని ముందు మీ గుట్టే విప్పండి. మీ డెస్క్ మీద ఓ డీ-ట్వంటీ పెట్టుకోండి, మానిటర్ కింద, చూసేవాళ్లకి కనబడేలా. లేదా కాఫీ దగ్గర వారాంతం ఊసు వచ్చినప్పుడు "శనివారం రాత్రి మా డీ అండ్ డీ సెషన్ ఒంటిగంట దాకా సాగిందండీ" అని మీ గురించి చెప్పి వదిలేయండి. ఆవిడకి మాట్లాడాలని ఉంటే ఆ దారి చాలు. ఆవిడ తలూపి వేరే మాటలోకి వెళ్తే మీరూ వెళ్లండి. రెండోసారి గుచ్చకండి.

ఇక "ఆడతాం" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. నా అనుభవంలో తొందరపాటంతా ఇక్కడే జరుగుతుంది. 2023 ఆగస్టులో బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేమ్ వచ్చాక సేవింగ్ త్రో, లాంగ్ రెస్ట్, అడ్వాంటేజ్ లాంటి మాటలు నోట్లో ఆడుతున్నవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. అది డీ అండ్ డీ ఐదో ఎడిషన్ రూల్స్ మీదే కట్టింది కాబట్టి వాళ్లకి రూల్స్ నిజంగానే వచ్చు. కానీ చాలామంది ఎప్పుడూ టేబుల్ దగ్గర కూర్చోలేదు. స్క్రీన్ మీద నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడం వేరు, "కావలివాడు నీ మొహంలోకి చూస్తున్నాడు, ఏమంటావ్?" అని అడిగితే గొంతు సవరించుకుని నలుగురి ముందు ఏదో ఒకటి అనడం వేరు. ఇంకొంతమంది 2015 నుంచి వస్తున్న క్రిటికల్ రోల్ లాంటి, నటులు డీ అండ్ డీ ఆడే షోలు గంటలకు గంటలు చూసి, ప్రతి డీఎం అలాగే పది గొంతులు పలికిస్తాడనుకుంటారు. అక్కడ కూర్చునేవాళ్లు గొంతులు పలికించడం మీదే బతికే నటులు. మన గొంతులు రెండో గంటకే బొంగురుపోతాయి.

అసలు డీ అండ్ డీయే కాకపోవచ్చు కూడా. మా ఆడిటర్ గారు ఆడుతున్నది కాల్ ఆఫ్ థులూ అని తేలింది. 1981లో కేయాసియమ్ వాళ్లు తెచ్చిన భయానక కథల ఆట అది. అందులో నూటికి ఇంత అని మన నేర్పు రాసి ఉంటుంది, పాచిక దాన్ని దాటకుండా పడితే గెలుపు. మన ఆటలో ఎక్కువ పడాలి. మా ఇంట్లో ఆయన తొలిసారి డీ-ట్వంటీ వేసినప్పుడు 3 పడింది. మనిషి పిడికిలి బిగించి కుర్చీలో ముందుకు ఒరిగారు, మొహం వెలిగిపోయింది. మేం నలుగురం ఏమీ అనకుండా చూస్తున్నాం. రెండు సెకన్లకి ఆయనకే తట్టింది. "ఓహో, ఇక్కడ తిరగేసి కదా" అని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

కాబట్టి బావమరిదిని "నువ్వు కూడా ఆడతావా!" అని అడగొద్దు, ఆ ముక్క ఎలాగూ తెలిసింది. "పోయిన శనివారం మీ టేబుల్ దగ్గర ఏం జరిగింది?" అని అడగండి. మొదటి మాట ఏది చెప్తాడో వినండి. ఎంత డ్యామేజ్ చేశాడో చెప్తే పోరాటాలు ఇష్టం. తన పాత్ర చెల్లెలిని ఎవరు ఎత్తుకుపోయారో చెప్తే కథ ఇష్టం. "మా డీఎం ఉన్నాడు చూశావా బావా, వేస్ట్" అని మొదలెడితే మాత్రం చెవులు రిక్కించండి. రేపు మీ గురించి కూడా ఇంకో పెళ్లిలో అలాగే చెప్తాడు.

అతనితో ఈ సంభాషణకి ముందు ఇంకో పనుంది, మీ ప్రశ్నలో దాని ఊసే లేదు. మీ ఆవిడకి చెప్పండి. ఆరేళ్లుగా శనివారం రాత్రులు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఏం చేస్తున్నారో ఆవిడకి తమ్ముడి నోటి వెంట తెలియకూడదు. మీరు భయపడుతున్నంత ఏమీ ఉండదు. ఉంటే గింటే పాచికలు అన్న మాట దగ్గరే. అమెరికాలో 1980లలో ఈ ఆట చూసి పిల్లలు సైతానుని కొలుస్తున్నారని కంగారుపడ్డారు. మన ఇళ్లలో సైతాను ఎవరికీ పట్టడు, శకుని పడతాడు. మా అత్తగారు పాచికల సంచి చూసి "డబ్బులు పెట్టి ఆడతారా బాబూ?" అన్నారు. లేదండీ, ఊరికే అన్నాను. "ధర్మరాజు కూడా ఊరికేనని కూర్చున్నవాడే" అన్నారు. ఆరు నెలల తర్వాత ఓ ఆదివారం సోఫాలో కూర్చుని జపమాల తిప్పుకుంటూ ఆట మొత్తం విని, చివర్లో "ఆ మంత్రిని నమ్మకండి" అని సలహా ఇచ్చారు. ఆవిడ అన్నదే నిజమైంది. నిజం చెప్పాలంటే, ఆవిడ అన్నాకే నేను ఆ మంత్రిని దొంగని చేశాను.

ఇప్పుడు ఇద్దర్నీ కలిపి ఎందుకు వద్దన్నానో. 2017లో నాకు ఆరు నెలల్లో నలుగురు దొరికారు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన, మా ఆవిడ సహోద్యోగి భర్త, ఇంటర్ క్లాస్‌మేట్, మా పిన్ని కొడుకు. లాటరీ తగిలినట్టయింది. ఏ ఒక్కరితోనూ అంతకుముందు ఒక్క పూట కూడా ఆడకుండా, ఏడాది పాటు సాగే క్యాంపెయిన్‌లో, అంటే ఒకే పెద్ద కథలో, నలుగుర్నీ ఒకేసారి దింపేశాను. మూడో సెషన్‌లో ఓ మంత్రఖడ్గం దొరికింది. అపార్ట్‌మెంట్ ఆయన తనదన్నాడు, మా తమ్ముడు తనదన్నాడు. వాడు మధ్యలో "మీరు మొన్న మా అన్న పార్కింగ్‌లో కారు పెట్టినట్టే ఉందండీ ఇది" అన్నాడు. అంతే. ఖడ్గం అంటే ఏముంది, కాగితం మీద ఓ గీత. కానీ ఆయనా నేనూ లిఫ్టులో ఆరు నెలలు అంకెలు చూసుకుంటూ దిగాం. తప్పు నాదే. వాళ్లకి నేను తప్ప ఉమ్మడి మనిషి లేడు. టేబుల్ దగ్గర ఏది చెడినా నా మీదుగా వాళ్ల వాళ్ల ఇళ్లకి వెళ్లింది.

మీ టీమ్ లీడ్ గారికీ మీ బావమరిదికీ ఉమ్మడి మనిషి మీరే. ఒక పక్క మీ అప్రైజల్ రాసే ఆవిడ, ఇంకో పక్క మీ అత్తవారిల్లు. ఆఫీసులో మీరెలా ఉంటారో అతనికి తెలియడం, ఇంట్లో మీరెలా ఉంటారో ఆవిడకి తెలియడం... వద్దులెండి.

విడివిడిగా, ఒక్కో వన్‌షాట్. మొదలుపెట్టిన మూడు గంటల్లో అయిపోయే కథ. పాత్రలు మీరే ముందుగా చేసి ఆరు షీట్లు ప్రింట్ తీసి పెట్టండి, వాళ్లు ఎంచుకుంటారు. పుస్తకాలు కొనక్కర్లేదు. 2023 జనవరిలో లైసెన్సు గొడవ జరిగాక డీ అండ్ డీ తెచ్చే కంపెనీ ఐదో ఎడిషన్ మూల నియమాలు సుమారు 400 పేజీలు క్రియేటివ్ కామన్స్ కింద, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా, వదిలేసింది, ఒక పూట ఆటకి అవసరమైనదంతా అందులో ఉంది. "ఇది బాగుంటే ముందుకెళ్దాం" అని మాత్రం అనకండి, అంటే అది పెళ్లిచూపులైపోతుంది. "ఆదివారం మధ్యాహ్నం ఓ కథ, సాయంత్రానికి అయిపోతుంది" అనండి చాలు. నచ్చితే వాళ్లే అడుగుతారు. నచ్చకపోతే ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. పిలవడం కూడా విడిగా, ఫోన్‌లో. వాట్సాప్ గ్రూపు పెట్టి అందులో చేర్చారంటే కాదనడానికి గ్రూపు వదిలిపోవాలి, అంత మొహమాటం ఎవరికీ పెట్టకూడదు.

టీమ్ లీడ్ గారి విషయంలో ఇంకో రెండు ముక్కలు. మొదటిసారి ఇంటికి పిలవకండి. నలుగురు కూర్చునే కాఫీ షాప్ గానీ బోర్డ్ గేమ్ కేఫ్ గానీ చూడండి. మీరు కాక కనీసం ఇద్దరు ఆటగాళ్లుండాలి, వాళ్లలో ఒకరు ఆడవాళ్లైతే ఇంకా మంచిది. కుదరకపోతే ఆన్‌లైనే మేలు, రోల్‌ట్వంటీ ఆవిడకి ఎలాగూ అలవాటే. రెండోది, మీ టీమ్ వాళ్లెవర్నీ అందులో కలపకండి. ఒక్కరు కలిసినా మిగతావాళ్లకి అది మేడమ్ గారి మనుషుల జట్టులా కనిపిస్తుంది. ఆ మాట ఆవిడకే ఎక్కువ చేటు చేస్తుంది. మొదలెట్టే ముందు పది నిమిషాలు, కథలో ఏవి రాకూడదో అందరినీ అడగండి. ఎవరైనా చెయ్యెత్తితే కారణం అడక్కుండా ఆ సీను దాటేస్తామని చెప్పండి. తెలియనివాళ్లతో కంటే తెలిసీ తెలియనివాళ్లతోనే ఇది ఎక్కువ అవసరం, ఎందుకంటే వాళ్లు నొచ్చుకున్నా పైకి అనరు.

ఇప్పుడు ఇంగ్లీషు రూల్‌బుక్కుల్లో ఎక్కడా కనిపించని చిక్కు. ఇంగ్లీషులో రాజుకీ దొంగకీ "యూ" ఒకటే. మనకలా కాదు. మీరు డీఎం, కోట కావలివాడు మాట్లాడాలి, ఎదురుగా టీమ్ లీడ్ గారి పాత్ర, చిరిగిన గొంగళి కప్పుకున్న గజదొంగ. కావలివాడు "దయచేసి తమరెవరో సెలవిస్తారా" అంటాడా? "ఏయ్, ఎవరే నువ్వు?" అనాలి. ఆ మాట మీ నోట రాదు. అప్పుడు చాలా తెలుగు టేబుళ్లలాగే మీరూ మెల్లగా ఇంగ్లీషులోకి జారిపోతారు. సీను కూడా మెయిల్ చదివినట్టు చప్పగా అయిపోతుంది.

నేను చేసేది ఇది. ఒక్కొక్కరి ముందు మడత పెట్టిన అట్ట మీద పాత్ర పేరు పెద్దక్షరాల్లో రాసి నిలబెడతాను. మనిషితో మాట్లాడేటప్పుడు మనిషి మొహం చూసి "మీరు పాచిక వేయండి" అంటాను. పాత్రతో మాట్లాడేటప్పుడు ఆ అట్టని చూసి మాట్లాడతాను. ఆ నువ్వూ ఆ ఏరా అన్నీ అట్టకే. మా ఆడిటర్ గారి దొంగ పేరు పద్దుల పేరయ్య. మా కథల్లో ట్యావర్న్ ఉండదు, పూటకూళ్లమ్మ ఇల్లుంటుంది. తొలి సీనులోనే ఆవిడ గొంతుతో "ఏరా పేరయ్యా, పోయిన సంక్రాంతికి మూడు పూటల డబ్బు ఎగ్గొట్టి పోయావ్, మళ్లీ ఏ మొహం పెట్టుకొచ్చావురా?" అన్నాను. అట్టని చూస్తూ అన్నా చెమట పట్టింది, ఎంతైనా నా రిటర్న్స్ వేసే మనిషి. ఆయన చేతులు కట్టుకుని, మెడ వంచి, "ఎగ్గొట్టలేదమ్మా, వచ్చే ఏడాదికి క్యారీ ఫార్వర్డ్ చేశాను" అన్నారు. ఆ తర్వాత మొహమాటం ఎవరికీ గుర్తులేదు.

యాసల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే నేను దెబ్బతిన్నాను. ఓసారి బందిపోట్లందరికీ ఉత్తరాంధ్ర యాస పెట్టాను, సినిమాల్లో చూసి వచ్చిన అలవాటు. టేబుల్ దగ్గర శ్రీకాకుళం ఆవిడ ఉన్నారు. ఆట అయ్యాక "మా నాన్న ఇలాగే మాట్లాడతారండీ" అని నవ్వుతూనే అన్నారు. తర్వాత రాలేదు. మీరు విశాఖలో ఉన్నారు, ఇంకా జాగ్రత్త. యాస పెడితే ఊళ్లో పెద్దమనిషికీ పెట్టండి, రాణికీ పెట్టండి.

మిగతావి చిన్నవి. తినడానికి మిర్చి బజ్జీ పెట్టకండి, షీట్లన్నీ నూనె మరకలవుతాయి, చేగోడీలు బాగుంటాయి. ఐదుగురిలో ముగ్గురొస్తే ఆట నడుస్తుందని ముందే చెప్పండి, లేకపోతే మాఘమాసం పెళ్లిళ్లతోనే క్యాంపెయిన్ ముగుస్తుంది. అవధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడిలాంటి మనిషి ప్రతి టేబుల్‌లోనూ ఒకరుంటారు, సరిగ్గా రాక్షసుడు లేచే వేళకి కరెంటు బిల్లు గురించి అడుగుతారు. అవధానిలాగే నవ్వించే జవాబొకటి చెప్పి పద్యంలోకి వచ్చేయడమే, కసురుకుంటే ఆ పూట పోతుంది. మీ పాత ఆన్‌లైన్ గ్రూపుని మాత్రం ఈ కొత్త ముచ్చటలో వదులుకోకండి. ఆరేళ్ల టేబుల్ అంటే మాటలు కాదు.

బావమరిదితోనే మొదలెట్టమంటాను. అతను ఎలాగూ పండక్కి వస్తాడు, సంక్రాంతి మూడు రోజుల్లో ఓ మధ్యాహ్నం దొరుకుతుంది, మీ ఆవిడ కూడా పక్కన కూర్చోవచ్చు. ఆరో షీటు ఆవిడ కోసం ఉంచండి. అక్కాతమ్ముళ్లు ఒకే టేబుల్ దగ్గర ఉంటే డీఎంకి పెద్దగా పనుండదు, ఖడ్గం దొరక్కముందే పంచుకోవడం మొదలెడతారు.

మా టేబుల్ ఎనిమిదో ఏట ఉంది. జూలైలో మాత్రం ఆడం, ఆడిటర్ గారు దొరకరు. మొన్న ఆయన ఫోన్ చేసి "సార్, మీ ఇంటి లోన్ వడ్డీ సర్టిఫికెట్ ఇంకా రాలేదండీ, కాస్త చూడండి" అన్నారు. పంపిస్తానన్నాను. ఫోన్ పెట్టేయబోతూ గొంతు తగ్గించి, "ఆ పూటకూళ్లమ్మకి చెప్పవయ్యా, పేరయ్య బాకీ ఆగస్టులో తీరుస్తాడని" అన్నారు.